గంట పుస్తకం లిడియా

మా బోధన్ గ్రంథాలయంలో ఊడ్చే పని లిడియాది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అయినా నా పాతికేళ్ల నౌకరీలో అంత గట్టి పాఠకులను ముగ్గురినో నలుగురినో చూసి ఉంటాను. ఎక్కువ పుస్తకాలు చదివిందని కాదు. ఒకే పుస్తకాన్ని పందొమ్మిది సార్లు ఇంటికి తీసుకుపోయింది. కావాలంటే రిజిస్టరు చూపిస్తాను.

ఆ పుస్తకానికి అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పేరున్న పేజీ కూడా దాంతోపాటే పోయింది. ఏదో చలి దేశపు యుద్ధ నవల, ఎవరో తెలుగులోకి తెచ్చారు. నేను నంబరు వేసి సరిపెట్టుకున్నాను, లిడియా మాత్రం దాన్ని గంట పుస్తకం అనేది. కథ చెప్పాలంటే చాలా చిన్నది. ఒక ఊరు శత్రు సైన్యం చేతిలో పడుతుంది. అక్కడి చర్చిలో గంట కొట్టే ముసలాయన ఒకడు ఉంటాడు. గంట కొడితే జనమంతా చౌరస్తాలోకి వస్తారు, వచ్చినవాళ్లలో కొందరిని ఏరి లారీల్లో ఎక్కించాలని సైన్యాధికారి ఎత్తు. ముసలాయన గంట తాడు కోసి పొయ్యిలో పెడతాడు. నా గంట పిలిస్తే వాళ్లు నమ్మి వస్తారు, అందుకే పిలవను అంటాడు. దీనికి నాలుగు వందల పేజీలు.

లిడియా పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడల్లా నేను ఊరుకునేవాణ్ని కాదు. "లిడియమ్మా, ముసలాయన ఈసారన్నా గంట కొట్టిండా లేదా?" అని అడిగేవాణ్ని.

"కొట్టడు సార్. ఎన్నిసార్ల సదివినా కొట్టడు" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూడాలి. సొంత తాతను పొగుడుకుంటున్నట్టే ఉండేది.

ఆమెకు ఆ ముసలాయన మీద అంత ప్రేమ ఎందుకో నాకు తెలుసు. రెంజల్ పోయే దారిలో ఒక చిన్న ఊరు ఆమెది. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్లు నాతో ఇంకా మాట్లాడుతున్నారు. అక్కడి చర్చిలో ఆమె తండ్రి మోషే గంట కొట్టేవాడు. ఆయన పోయాక ఆ తాడు లిడియా చేతికి వచ్చింది. చర్చి గోడకు ఆనుకుని ఒక్క గది, అందులో ఒక్కతే ఉండేది. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. చర్చి సంఘంలో ఎవరైనా పోతే, ఎన్నేళ్లు బతికారో అన్ని దెబ్బలు కొడతారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య మనసులో పది లెక్కపెట్టాలి. పొలాల్లో ఉన్నవాళ్లు చేతిలో పని ఆపి వింటూ లెక్కపెట్టుకుంటారు. గంట ఏ అంకె దగ్గర ఆగిందో చూసి, పోయింది ఎవరో తెలుసుకుని, పార పట్టుకుని వస్తారు. లిడియాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ముసలమ్మ చావుకు తండ్రి ముచ్చటపడి తాడు ఆమె చేతికిచ్చాడు. పదకొండు దెబ్బలకే చేతులు మండి వదిలేసింది. చెరుకు తోటలో పని చేస్తున్న ఒక తల్లి, పదకొండేళ్ల కొడుకున్న తల్లి, చెరుకు ఆకులు ఒళ్లంతా కోస్తుంటే పడుతూ లేస్తూ చర్చి దాకా పరుగెత్తుకొచ్చిందట. ఆ రోజు మోషే కూతురిని కొట్టలేదు. "మొదలువెడితె ఆపొద్దు బిడ్డా. ఆపిన అంకె ఎవలదో ఒకలది వయసు" అన్నాడట. ఈ సంగతి లిడియా నాకు ఏడాదికి ఒకసారైనా చెప్పేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. గ్రంథాలయంలో పని చేసేవాడికి పుస్తకం అంచు చూస్తే చదివినవాళ్ల గుట్టు తెలుస్తుంది. ఆ నవలలో ముసలాయన తాడు కోసే చోటు దాకా పేజీల అంచులు వేలి మరకలతో నల్లబడి ఉండేవి. ఆ తర్వాత పదకొండు పేజీలు మాత్రం కొత్త పుస్తకంలా తెల్లగా ఉండేవి. మళ్లీ అక్కడి నుంచి నలుపు. ఎందుకు దాటేస్తుందో అని అనుకునేవాణ్ని, అడగలేదు.

మూడేళ్ల కిందట వాళ్ల చర్చి కప్పు కురవడం మొదలైంది. సంఘం పెద్ద ఏసుబాబు ఒక ఉపాయం చెప్పాడు. సమాధులుండే బొందలగడ్డలో రోడ్డు వైపు అర ఎకరం ఖాళీగా పడి ఉంది, దాన్ని ప్లాట్లు చేసేవాళ్లకు ఇస్తే కొత్త చర్చి లేస్తుంది. ఆ భాగంలో బొందలు లేవని రాసిన కాగితం మీద సంఘంలో ఇంటికొకరు సంతకం పెట్టాలి. చెడ్డ బుద్ధితో చేసింది కాదు, ఆదివారం వానలో తడుస్తూ ప్రార్థన చేసినవాళ్లకు అది మంచి మాటే. కాకపోతే ఆ అర ఎకరంలో బొందలున్నాయి. పేరు పెట్టకముందే పోయిన పసిపిల్లలను పాతకాలంలో అక్కడ పూడ్చేవారు. వాటి మీద రాయి లేదు, సిలువ లేదు, గడ్డి ఉంది. ఊళ్లో సగం ఇళ్లకు అక్కడ ఒక పిల్లో పిల్లగాడో ఉన్నారు.

అందరూ సంతకాలు పెట్టారు. సాయవ్వ ఒక్కతే వేలిముద్ర వేయనంది.

సాయవ్వ చెరుకు కొట్టే కూలీ. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బండ్ల మీద చెరుకుతోపాటు బోధన్ వచ్చి, ఫ్యాక్టరీ గేటు ముందు వండుకుతిని పోయిన మనిషి. భర్త లేడు, పిల్లలు బతకలేదు, అక్షరం రాదు. ఏసుబాబు ఆమె గుమ్మంలో కూర్చుని గంటసేపు నచ్చజెప్పాడు. "లేనిది లేదంటె యేస్త. ఉన్నదాన్ని లేదని ఎట్ల యేస్తు నాయినా" అందట. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే మాట అంది. ఒక్క ముద్ర లేక కాగితం ఆగిపోయింది. చర్చి కప్పు అలాగే ఉండిపోయింది.

ఆ వారం లిడియా గ్రంథాలయానికి వచ్చి, ఊడ్చి, బెంచీ మీద కూర్చుని, ఏ పుస్తకం తీయకుండా నా వైపు చూసింది.

"సార్, నేను సంతకం వెట్టిన" అంది.

"దేని మీద?"

"అక్కడ బొందలు లేవని రాసిన కాయితం మీద. మా తమ్ముడున్నడు సార్ అక్కడ. నెల పిల్లగాడు. బాపు తవ్వుతుంటె నేను పక్కకే నిలవడ్డ."

"మరెందుకు పెట్టినవ్?"

"అందరు పెట్టిండ్రు సార్."

నలుగురితో నారాయణ. అక్కడితో నేను నోరు మూసుకోవలసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని నా భార్య అనసూయమ్మ బతికి ఉన్నన్నాళ్లూ నాకు చెప్పింది. ఆమె పోయాక చెప్పేవాళ్లు లేరు. "అందరు కొట్టమన్నరని నీ గంట ముసలాయన గూడ కొట్టి ఉంటే, నీ పుస్తకం పది పేజీలకే అయిపోతుండె గద" అన్నాను.

ఆమె లేచి చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయింది. ఆ తర్వాత గంట పుస్తకం మళ్లీ అడగలేదు. దాన్ని చూడాల్సి వస్తుందని కాబోలు, ఆ అల్మారా వైపు దుమ్ము కూడా తల తిప్పుకుని దులిపేది.

సాయవ్వను సంఘం వెలివేసింది అంటే పెద్ద మాట అవుతుంది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వందనాలు చెప్పడం మానేశారు, అంతే. ఆదివారం ఆమె చాప మీద కూర్చుంటే పక్కవాళ్లు కొంచెం జరిగి కూర్చునేవారు. కొన్ని వారాలకు ఆమె పోవడం మానేసింది. పోవడం మానేసిందని చర్చి బాప్తిస్మాల రిజిస్టరులో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టారు. పక్కింటి ఖైరున్నిసా మాత్రం పొద్దున రెండు రొట్టెలు, సాయంత్రం రెండు రొట్టెలు పంపేది.

లిడియా రోజూ ఆటో కోసం సాయవ్వ గుమ్మం ముందు నుంచే నడవాలి. "లిడియా, ఆటో దొరుకుతదా బిడ్డా" అని మొదట్లో సాయవ్వ అడిగేదట. లిడియా తల వంచుకుని పోయేది. నెల తర్వాత సాయవ్వ అడగడం కూడా మానేసింది. ఊరికే చూసేది.

ఒకసారి నేను కొంచెం మెత్తగానే అడిగాను. "ఆమెతోని మాట్లాడితే ఏమైతది లిడియమ్మా?"

"నన్ను గూడ పక్కకు వెడ్తరు సార్. నాకెవలున్నరు? అన్నదమ్ములు లేరు, పెండ్లి గాలే. పండుగకు పిలిచేది వాల్లే, జరమొస్తె గంజి వోసేది వాల్లే. రేపు నేను పోతె తాడు గుంజేది వాల్లే, బొంద తవ్వేది వాల్లే. కుక్క సచ్చినట్టు సావొద్దు గద సార్" అంది.

నిజామాబాద్‌లో నా ఇంట్లోనూ నేనొక్కడినే. ఆమెకు కనీసం లెక్కపెట్టే ఊరు ఉంది.

పోయిన ఆగస్టులో ఒక శుక్రవారం, మాకు సెలవు రోజు, పొద్దున ఆరింటికి ఫోను మోగింది. "సార్, సాయవ్వ పోయింది" అంది లిడియా. ఇంకేమీ చెప్పలేదు, ఫోను పెట్టేయనూ లేదు. ఆ వార్త చెప్పుకోవడానికి ఆమెకు ఊళ్లో ఒక్కరూ లేరని నాకు అర్థమైంది. బోధన్ బస్సెక్కి, అక్కడ రెంజల్ ఆటో ఎక్కాను. దారంతా వరి, సోయా. చెరుకు అక్కడక్కడ ఒక మడి ఉంది. ఎందుకు పోతున్నానో నాకే తెలియదు.

లిడియా చర్చి మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో బాప్తిస్మాల పాత రిజిస్టరు, దాని మీద తాళంచెవి. ఎదురుగా ఏసుబాబు నిలబడి ఉన్నాడు. అరవై అయిదేళ్ల మనిషి, తెల్లటి బట్టలు, మెల్లటి గొంతు.

"బొందకు జాగ కాదంటలేం లిడియా. అందర్ల పక్కకే వెట్టుకోండ్రి. గంట మాత్రం వద్దు. పేరే లేదాయె, ఏం జూసి కొడ్తవ్?" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా చెప్పాడు. "నీ బాపును మోసినోన్ని నేను. రేపు నిన్ను మోసేది గూడ మేమే. గది యాదుంచుకో." నాకు ఒక నమస్కారం పెట్టి ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. ఒడ్డున కూర్చుని ఈత నేర్పినవాణ్ని నేను. నా జీవితంలో నేను ఎదిరించింది పుస్తకాలు ఆలస్యంగా తెచ్చేవాళ్లను మాత్రమే. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని, "ఆయనన్నది నిజమే లిడియమ్మా. తొందరపడకు. ఈ ఊర్లె బతకాల్సినదానివి" అన్నాను.

ఆమె రిజిస్టరు తెరిచింది. "ఆధార్ల అరవై ఎనిమిది ఉన్నది సార్. అది రేషన్ కూపన్ల కోసం ఎవలో చెప్పిన లెక్క. ఈ రిజిస్టర్ల సూడుండ్రి." ఎర్ర గీత కింద సాయవ్వ పేరు, పుట్టిన సంవత్సరం నీలి సిరాలో స్పష్టంగా ఉన్నాయి. లెక్కేస్తే డెబ్బై నాలుగు. "గీత కొట్టినా కింద అక్షరాలు కనవడ్తనే ఉన్నయ్" అంది.

"లిడియమ్మా..."

"మీరొక మాటన్నరు యాదికున్నదా సార్, అందరు కొట్టమన్నరని ముసలాయన కొట్టి ఉంటె అని? పొద్దుగాల లేస్తె గదే ఇనవడ్తది నాకు. గంట ముసలాయన మా వాడకట్టులనే ఉన్నడు సార్. రోజు గడప మీద కూసోని నా దిక్కే సూసిండు. నేను బుక్కుల ఎతుక్కుంట కూసున్న."

ఆమె లేచింది. చర్చి ముందు రెండు రాతి స్తంభాల మధ్య దూలానికి గంట వేలాడుతుంది, తాడు ఒక చిన్న గూట్లో తాళం వేసి ఉంటుంది. తాళం తీసింది. కొంగు నడుముకు చుట్టింది. మొదటి దెబ్బకు స్తంభాల మీది పావురాలు లేచాయి.

నేనూ లెక్కపెట్టసాగాను. పది దెబ్బలకు ఇళ్లలో నుంచి మొహాలు బయటికి వచ్చాయి. పదిహేనుకు ఎదురు పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తారు. అందరి పెదవులూ కదులుతున్నాయి. ఇరవై ఎనిమిది దగ్గర ఏసుబాబు తన వాకిట్లోకి వచ్చాడు, వెనక ఆయన భార్య. గంట దగ్గరికి వచ్చేసరికి ఇంకో నాలుగు దెబ్బలు పడ్డాయి. ఇంకొకటి పడ్డాక ఆయన ఆమె చేతి మీద నుంచి తాడు పట్టుకున్నాడు.

"ఇడువు" అన్నాడు.

లిడియా రొప్పుతోంది. ఆయన వైపు చూసింది. "ముప్పై మూడయినయ్ ఏసుబాబన్నా. గిక్కడ్నే ఆపాల్నా?" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు అంత నేర్పు లేదు. తండ్రి నేర్పిన పని ప్రకారం అడిగింది. ఏసుబాబు కొడుకు మోజెస్ మస్కట్‌లో ఉంటాడు. అంతకు ముందు నెలలోనే అతనికి ముప్పై మూడు నిండాయని, కేకు కోసిన ఫొటో తండ్రి ఊరంతా చూపించాడని నాకు తర్వాత తెలిసింది. అక్కడున్నవాళ్లందరికీ అప్పుడే తెలుసు. ఏసుబాబు భార్య ముందుకు వచ్చి, "ఇడువుండ్రి. మొత్తం కొట్టనియ్యుండ్రి" అంది.

ఏసుబాబు తాడు వదిలాడు. ముప్పై నాలుగో దెబ్బ పడేదాకా ఆయన మొహంలో రక్తం లేదు.

డెబ్బై నాలుగు దాకా కొట్టింది. చివరి పది దెబ్బలకు తాడు మీద ఆమె అరచేతి నెత్తురు కనిపించింది. నేను వెళ్లి పట్టుకుందామా అనుకున్నాను, వెళ్లలేదు. అది నా పని కాదని నాకు నేను చెప్పుకున్నాను.

పార పట్టుకుని ఊరంతా వచ్చిందని రాస్తే బాగుండేది. బొందలగడ్డకు వచ్చింది పదకొండు మంది. ఖైరున్నిసా, ఆమె ఇద్దరు కొడుకులు, వాళ్ల చుట్టం ముఖీత్, సాయవ్వతోపాటు చెరుకు కొట్టిన ముత్తన్న, అతని భార్య, నేను, లిడియా. సంఘం నుంచి ముగ్గురు ముసలమ్మలు. వాళ్లు కూడా ఎడంగా నిలబడ్డారు. పాస్టరు రాలేదు. వాక్యం లిడియా చదివింది. రోడ్డు వైపు, రాళ్లు లేని గడ్డి పక్కన సాయవ్వను పెట్టారు.

ఆదివారం లిడియా చర్చికి పోయింది. గూటికి కొత్త తాళం ఉంది. చాప మీద కూర్చుంటే పక్కవాళ్లు కొంచెం జరిగారు. "వందనాలు" అంది, ఒక్కరూ తిరిగి అనలేదు. ఆమె ఇంకా పోతూనే ఉంది. క్రిస్మస్‌కు కేకు ముక్క ఏ ఇంటి నుంచీ రాలేదు. ఖైరున్నిసా సేమ్యా పంపింది.

ఇదంతా ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. పేపర్లు కర్రలకు బిగిస్తూ ఒక ముక్క, బెంచీ తుడుస్తూ ఒక ముక్క చెప్పింది. నేను ఎగతాళి చేయడం మానేశాను. ఎగతాళి మానేస్తే నాకు మాట్లాడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదని అప్పుడే తెలిసింది.

పోయిన నెలలో ఒక పొద్దున ఆమె తానుగా ఆ అల్మారా దగ్గరికి పోయి గంట పుస్తకం తీసుకుంది. కిటికీ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం తాళం వేసే వేళ దాటినా లేవలేదు. నేను వెళ్లి వెనక నుంచి చూశాను. ఆ తెల్లటి పేజీల్లో ఉంది.

"గీ పదకొండు పేజీలు ఎన్నడు సదవలే సార్. దాటేస్తుంటి. ఇండ్ల ఏం జరగదని" అంది.

"ఏముంది వాటిల?"

"తాడు కోసినంక సలికాలం. సైన్యం కోపానికొచ్చి ఊర్లె గోదుములన్ని ఎత్కవోయింది. నీవల్లనే అని ఊరోల్లు ఆయనతోని మాట్లాడుడు బంద్ వెట్టిండ్రు. ఆయన లేస్తడు, పొయ్యి అంటిస్తడు, రొట్టె తింటడు, పంటడు. మల్ల లేస్తడు. ఎవ్వలు రారు. గంతే సార్. పదకొండు పేజీలు గదే." పేజీ అంచు మీద బొటనవేలు పెట్టింది. అరచేతిలో తాడు కోసిన మచ్చ ఇంకా ఉంది. "గిదే కష్టం సార్. తాడు కాదు" అంది.

ఇంటికి తీసుకుపోతానంది. రిజిస్టరు తెరిచి ఆమె పేరు రాశాను, ఇరవయ్యోసారి. మా దగ్గర పద్నాలుగు రోజులు గడువు, ఒక్క రోజు దాటినా నేను ఎవరినీ వదిలినవాణ్ని కాదు. తిరిగి ఇవ్వాల్సిన తేదీ వేసే గడిని ఖాళీగా వదిలేసి, పుస్తకం ఆమె చేతికిచ్చాను.